రెండు ఉప్పు నీళ్లు కలిస్తే ఏమవుతుంది? – పాల పరీక్షకు అక్కరకు వచ్చే రసాయన పాఠం

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల పాల ఉత్పత్తిదారుల సంఘ సభ్యులను దృష్టిలో ఉంచుకొని ఈ పాఠం రాస్తున్నాము. సేకరణ కేంద్రంలో టెస్టరు గాజు గొట్టంలో మందు పోసి, పాలు కలిపి, రంగు చూసి ఒక మాట చెబుతాడు. ఆ పూట పాల డబ్బు ఆ మాటమీదే ఆధారపడి ఉంటుంది. ఊరిలో ఆ ఇంటి పరువు కూడా దానిమీదే ఆధారపడుతుంది. "ఈ పాలలో ఉప్పు కలిసింది" అనే మాట నలుగురిలో ఒకసారి పడితే, తర్వాత అది తప్పని తేలినా ఆ మచ్చ పోదు. కల్తీ చేసినవారిని వదిలిపెడితే నష్టపోయేది నిజాయితీగా పాలు పోసే మిగిలిన సభ్యులే. కాబట్టి ఆ రంగు ఎందుకు వస్తుందో, దానిని ఎంతవరకు నమ్మవచ్చో టెస్టరుకు, కార్యదర్శికే కాక పాలు పోసే ప్రతి సభ్యునికీ తెలియాలి.

ఇందుకు పెద్ద చదువులు అక్కర లేదు. రెండు లవణ ద్రావణాలు కలిసినప్పుడు జరిగే మార్పులు ఏయే రకాలో తెలిస్తే చాలు. అవన్నీ మన ఇంట్లో, పొలంలో, పాల కేంద్రంలో రోజూ జరిగేవే.

లవణం అంటే ఏమిటి?

మనం వంటలో వేసుకునే ఉప్పు అనేక లవణాలలో ఒకటి మాత్రమే. క్యాన్లు కడిగే బట్టల సోడా, పిండి వంటలలో వేసే వంట సోడా, పటిక, తోటలకు కొట్టే మందులో వాడే మైలుతుత్తం, వేరుశనగకు చల్లే జిప్సం కూడా లవణాలే.

ప్రతి లవణంలోనూ రెండు భాగాలు జత కట్టి ఉంటాయి. ఒకటి సోడియం, కాల్షియం, రాగి, వెండి వంటి లోహ భాగం. రెండవది క్లోరైడ్, కార్బొనేట్, సల్ఫేట్, నైట్రేట్ వంటి భాగం. మామూలు ఉప్పు అంటే సోడియం, క్లోరైడ్ జత. లవణం నీటిలో కరిగినప్పుడు ఈ జత విడిపోయి, రెండు భాగాలూ నీటిలో వేరువేరుగా తిరుగుతుంటాయి. వీటినే అయానులు అంటారు.

రెండు లవణాల నీళ్లు కలిపినప్పుడు నాలుగు రకాల భాగాలు ఒకే పాత్రలో చేరతాయి. సంతలో కలిసిన నలుగురిలో ఎవరు ఎవరితో జత కడతారో, లేక ఎవరి దారిన వారు పోతారో తెలుసుకోవడమే ఈ పాఠం.

చూడవలసిన నాలుగు గుర్తులు

కలిపిన వెంటనే ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి.

1. తేటగా ఉన్న నీరు తెల్లబారి, లేక రంగుగా మారి, అడుగున పొడి దిగిందా?
2. బుడగలు వచ్చాయా?
3. సూచిక మందు రంగు మారిందా?
4. లోహం మీద కొత్త పూత పట్టిందా?

నాలుగింటికీ జవాబు "లేదు" అయితే ఆ ద్రావణాలు ఉత్తగా కలిశాయని అర్థం. ఇక ఒక్కొక్క రకాన్ని చూద్దాం.

మొదటి రకం: కలయికే గాని మార్పు లేదు

ఉప్పు నీటిలో పటిక నీరు పోయండి. ఏమీ కాదు. ఉప్పు నీటిలో బట్టల సోడా నీరు పోసినా ఏమీ కాదు. నాలుగు భాగాలలో ఏ రెండు జత కట్టినా కరిగే పదార్థమే వస్తుంది గనుక అవి నీటిలోనే ఉండిపోతాయి.

ఇది చిన్న విషయంగా తోచవచ్చు. కాని పాలలో ఉప్పు వేసినప్పుడు కంటికి ఏ గుర్తూ కనిపించకపోవడానికి కారణం ఇదే. నీళ్లు కలిపిన పాలలో లాక్టోమీటరు దిగిపోతుంది. దానిని మళ్లీ పైకి లేపడానికే కొందరు ఉప్పు వేస్తారు. ఉప్పు పాలలో కరిగిపోతుంది, లాక్టోమీటరు మోసపోతుంది. దానిని పట్టుకోవాలంటే, క్లోరైడ్‌తో జత కట్టి కరగని పదార్థంగా మారే మరొక లవణాన్ని తెచ్చి కలపాలి.

రెండవ రకం: జతలు మారి అడుగున పొడి దిగడం

ఇది లవణ ద్రావణాల మధ్య తరచుగా జరిగే చర్య. రెండు లవణాలు తమ జతలు మార్చుకుంటాయి. కొత్త జతలలో ఒకటి నీటిలో కరగనిదైతే అది పొడిగా విడిపోతుంది. ఆ పొడిని అవక్షేపం అనీ, ఈ చర్యను ద్వంద్వ వియోగం అనీ బడి పుస్తకాలలో అంటారు.

ఏది కరుగుతుంది, ఏది కరగదు అనేదానికి ఈ సూత్రాలు గుర్తుంచుకుంటే చాలు:

– సోడియం, పొటాషియం, అమ్మోనియం లవణాలు దాదాపు అన్నీ కరుగుతాయి. నైట్రేట్లు అన్నీ కరుగుతాయి.
– క్లోరైడ్లు ఎక్కువగా కరిగేవే. వెండి క్లోరైడ్ కరగదు, సీసపు క్లోరైడ్ చాలా తక్కువగా కరుగుతుంది.
– సల్ఫేట్లలో బేరియం, సీసపు సల్ఫేట్లు కరగవు. కాల్షియం సల్ఫేట్ కొద్దిగా కరుగుతుంది.
– కార్బొనేట్లలో సోడియం, పొటాషియం, అమ్మోనియం కార్బొనేట్లు తప్ప తక్కినవి కరగవు.

మన ప్రాంతపు బోరు నీరు చాలా చోట్ల కఠిన జలం. సబ్బు సరిగా నురగ కట్టదు, కాచిన పాత్రలో తెల్లని పెచ్చు కడుతుంది. ఆ నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉన్నాయని అర్థం. అందులో బట్టల సోడా వేస్తే నీరు తెల్లబారుతుంది:

కాల్షియం బైకార్బొనేట్ + సోడియం కార్బొనేట్ → కాల్షియం కార్బొనేట్ (తెల్లని పొడి) + సోడియం బైకార్బొనేట్

ధర్మవరంలో పట్టు నూలుకు రంగు వేసే ముందు దాని బంక తీయడానికి సబ్బు, సోడా కలిపిన నీటిలో ఉడికిస్తారు. కఠిన జలమైతే సబ్బులో కొంత భాగం కాల్షియంతో జత కట్టి జిగట మడ్డిగా మారి వృథా అవుతుంది. ఆ మడ్డి నూలుకు అంటితే రంగు సమంగా పట్టదు. పాల క్యాను విషయంలోనూ ఇంతే. కఠిన జలంతో, సబ్బుతో కడిగి సరిగా తొలపకపోతే పాల పదార్థం, నీటిలోని కాల్షియం కలిసి లోపల తెల్లని పెచ్చుగా పేరుకుంటాయి. సూక్ష్మజీవులు దాని చాటున దాక్కుంటాయి. మంచి పాలు పోసినా సాయంత్రానికి విరిగిపోవడానికి ఇదొక కారణం.

పొలంలో చూడండి. చౌడు రెండు రకాలని రైతులు ఎరుగుదురు. పాల చౌడులో కరిగే ఉప్పులు ఎక్కువ. మంచి నీరు పెట్టి, మురుగు పోయేటట్లు చేస్తే చాలు, ఉప్పు కరిగి పోతుంది. కారు చౌడులో సోడియం కార్బొనేట్, మట్టి రేణువులను పట్టుకున్న సోడియం ఉంటాయి. ఉత్త నీటితో అవి పోవు. అక్కడ జిప్సం వేయాలి:

కాల్షియం సల్ఫేట్ + సోడియం కార్బొనేట్ → కాల్షియం కార్బొనేట్ + సోడియం సల్ఫేట్

కాల్షియం కార్బొనేట్ కరగక నేలలో ఉండిపోతుంది. సోడియం సల్ఫేట్ కరిగి మురుగు నీటితో బయటికి పోతుంది. పాల చౌడుకు మొదటి రకం వైద్యం, కారు చౌడుకు రెండవ రకం వైద్యం అన్నమాట. జిప్సం మోతాదు మాత్రం భూసార పరీక్ష చేయించి నిర్ణయించుకోవాలి.

మూడవ రకం: బుడగలు రావడం

హిందూపురం మార్కెట్ యార్డుకు చింతపండు బస్తాలు వస్తాయి. ఆ చింతపండు పులుసులో చిటికెడు వంట సోడా వేస్తే బుసబుస పొంగుతుంది. పులుపులోని ఆమ్లం కార్బొనేట్‌ను విడగొట్టి కార్బన్ డై ఆక్సైడ్ వాయువును బయటికి పంపుతుంది. ఆ వాయువును సున్నపు తేటలోకి పోనిస్తే తేట పాలవలె తెల్లబడుతుంది. వాయువు ఏదో రుజువు చేసుకోవడానికి ఇది మార్గం.

తెల్లని పొడి కార్బొనేటా, సల్ఫేటా అనే అనుమానం వచ్చినప్పుడు కూడా ఇదే ఉపాయం. కొంచెం ఆమ్లం వేస్తే కార్బొనేట్ పొంగి కరిగిపోతుంది, బేరియం సల్ఫేట్ కదలదు. పాలలో సల్ఫేట్ లవణాలు కలిపారేమో చూడటానికి డెయిరీ ప్రయోగశాలలో ముందుగా ఆమ్లంతో పాలను విరిచి, వడగట్టి, ఆ తేటలో బేరియం క్లోరైడ్ చుక్కలు వేస్తారు. తెల్లబడితే సల్ఫేట్ ఉన్నట్లు. బేరియం క్లోరైడ్ విషం కనుక ఈ పరీక్షను సంఘంలో చేయరాదు, ప్రయోగశాలకే వదలాలి.

ఒక్కొక్కప్పుడు పొడి, బుడగలు రెండూ కలిసి వస్తాయి. పటిక నీటిలో బట్టల సోడా నీరు పోస్తే బుడగలు వస్తాయి, తెల్లని జిగురు వంటి పదార్థం కూడా తేలుతుంది. అది అల్యూమినియం హైడ్రాక్సైడ్. మురికి నీటిలో పటిక వేసినప్పుడు బురదను కిందికి దించేది ఇదే. ఫ్లోరైడ్ నీటిని శుభ్రపరచడానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధనా సంస్థ రూపొందించిన నల్గొండ పద్ధతిలో కూడా పటిక, సున్నం కలిపి, ఈ జిగురు పదార్థంతోనే ఫ్లోరైడ్‌ను పట్టి దించుతారు.

నాలుగవ రకం: పులుపు, క్షారం ఒకదానినొకటి చంపుకోవడం

ఇందులో పొడి దిగదు. మోతాదు తక్కువైతే బుడగలు కూడా కనిపించవు. ఎండాకాలంలో పులిసిపోతున్న పాలలో కొందరు సోడా వేస్తారు. పాలలోని లాక్టిక్ ఆమ్లం, సోడా కలిసి సోడియం లాక్టేట్‌గా మారతాయి. పులుపు తగ్గుతుంది. పాలు కాచినా విరగవు. కాని పులుపు పుట్టించిన సూక్ష్మజీవులు అలాగే ఉంటాయి. చెడిన పాలు మంచి పాల వేషం వేసుకొని పెద్ద ట్యాంకులోకి పోయి, అందరి పాలనూ పాడుచేస్తాయి.

కంటికి కనిపించని ఈ చర్యకు సాక్ష్యం చెప్పేది సూచిక మందు. 5 మి.లీ. పాలు, 5 మి.లీ. స్పిరిట్ కలిపి, 1 శాతం రోజాలిక్ ఆమ్లం కొన్ని చుక్కలు వేస్తారు. గులాబి ఎరుపు వస్తే సోడా ఉన్నట్లు, గోధుమ రంగు వస్తే లేనట్లు. పక్కనే స్వచ్ఛమని తెలిసిన పాలతో మరొక గొట్టం పెట్టుకొని రెండు రంగులూ పోల్చి చూడాలి. సోడాతో కడిగి సరిగా తొలపని గొట్టం స్వచ్ఛమైన పాలకు కూడా ఎరుపు తెప్పించగలదని గుర్తుంచుకోవాలి.

అయిదవ రకం: ఒక లోహం మరొక లోహాన్ని బయటికి నెట్టడం

దానిమ్మ, ద్రాక్ష తోటలున్న సభ్యులకు బోర్డో మిశ్రమం పరిచయమే. 1 శాతం మిశ్రమానికి 1 కిలో మైలుతుత్తం, 1 కిలో సున్నం, 100 లీటర్ల నీరు. సున్నం, మైలుతుత్తం కలిసి నీలి రంగు అవక్షేపం ఇవ్వడం మనం చెప్పుకున్న రెండవ రకం. తయారైన మిశ్రమంలో మెరిసే ఇనుప కత్తిని కొద్దిసేపు ముంచితే, సున్నం చాలనప్పుడు దానిమీద ఎర్రని రాగి పూత పడుతుంది. ఇది అయిదవ రకం. ఇనుము ద్రావణంలోకి దిగి, రాగిని బయటికి నెట్టింది. పూత పడితే మరికొంత సున్నం కలపాలి.

ఇందుకే మైలుతుత్తాన్ని ఇనుప బకెట్లో కలపరాదు. పాల క్యానులో అసలే కలపరాదు. మైలుతుత్తం విషం. రాగి లేశమాత్రం అంటినా పాలలోని వెన్నకు చెడు వాసన వస్తుంది. అల్యూమినియం క్యాన్లను కాస్టిక్ సోడాతో కడగరాదు. అది అల్యూమినియాన్నే తినేస్తుంది.

పాలలో ఉప్పు పరీక్ష: ఒకే గొట్టంలో రెండు అవక్షేపాల పోటీ

ఇంతవరకు నేర్చుకున్నదానిని ఇప్పుడు అసలు పరీక్షకు అన్వయిద్దాం. సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో పొటాషియం క్రోమేట్ చుక్కలు వేస్తే ఇటుక ఎరుపు వస్తుంది. అది వెండి, క్రోమేట్ జత కట్టిన అవక్షేపం. ఇప్పుడు అందులో పాలు పోస్తాము. పాలలోని క్లోరైడ్ వస్తుంది. వెండికి క్రోమేట్‌కంటె క్లోరైడ్ మీద మక్కువ ఎక్కువ. క్రోమేట్‌ను వదిలి క్లోరైడ్‌తో జత కట్టి తెల్లని వెండి క్లోరైడ్‌గా మారుతుంది. క్లోరైడ్ కొద్దిగానే ఉంటే వెండి మిగిలిపోతుంది, ఎరుపు లేక గోధుమ రంగు నిలుస్తుంది. క్లోరైడ్ ఎక్కువైతే వెండి అంతా దానికే సరిపోతుంది. ఒంటరిగా మిగిలిన క్రోమేట్ పసుపు రంగు చూపిస్తుంది. క్లోరైడ్‌ను కొలవడానికి క్రోమేట్‌ను ఈ విధంగా సూచికగా వాడిన పద్ధతి 19వ శతాబ్దపు జర్మన్ రసాయన శాస్త్రవేత్త మోర్ పేరుమీద ప్రసిద్ధి పొందింది.

లెక్క వేసి చూద్దాం. లీటరు నీటిలో 1.34 గ్రాముల సిల్వర్ నైట్రేట్ కరిగించిన ద్రావణం 5 మి.లీ., 10 శాతం పొటాషియం క్రోమేట్ 2 చుక్కలు, పాలు 1 మి.లీ. తీసుకుంటామనుకోండి. 5 మి.లీ.లో సిల్వర్ నైట్రేట్ 6.7 మి.గ్రా. ఉంటుంది. 170 భాగాల సిల్వర్ నైట్రేట్ 35.5 భాగాల క్లోరైడ్‌ను పట్టుకుంటుంది. ఆ చొప్పున 6.7 మి.గ్రా. పట్టుకోగలిగే క్లోరైడ్ 1.4 మి.గ్రా. మామూలు పాలలో మి.లీ.కు సుమారు 1 మి.గ్రా. క్లోరైడ్ సహజంగానే ఉంటుంది. అంటే మంచి పాలకు వెండి మిగులుతుంది, రంగు ఎర్రగా నిలుస్తుంది. లీటరుకు సుమారు 0.7 గ్రాము ఉప్పు అదనంగా చేరితే 1.4 గీత దాటి పసుపు వస్తుంది. (ద్రావణం బలం మారితే ఈ గీత కూడా మారుతుంది. మీ సంఘానికి వచ్చిన సీసా మీది సూచనలనే పాటించండి.)

ఇక్కడే జాగ్రత్త అవసరం. పసుపు రంగు "క్లోరైడ్ ఎక్కువగా ఉంది" అని మాత్రమే చెబుతుంది. అది ఎక్కడినుండి వచ్చిందో చెప్పదు. క్లోరైడ్ వచ్చే దారులు మూడు.

ఒకటి, కల్తీ ఉప్పు.

రెండు, పశువు పొదుగు. పొదుగువాపు వ్యాధి సోకిన పాలలో క్లోరైడ్ పెరుగుతుంది. పైన చెప్పిన మోతాదులతో ఈ పరీక్షను పొదుగువాపును గుర్తించడానికే వాడిన కాలం ఉంది. కొత్తగా ఈనిన పశువు జున్నుపాలలోను, వట్టిపోయే ముందు పాలలోను క్లోరైడ్ ఎక్కువే.

మూడు, గొట్టం కడిగిన నీరు. తాగునీటిలో క్లోరైడ్ లీటరుకు 250 మి.గ్రా. మించరాదనీ, వేరే నీటి వసతి లేనిచోట 1,000 మి.గ్రా. వరకు అనుమతించవచ్చనీ భారత ప్రమాణాల సంస్థ నిర్ణయించింది. ఆ 1,000 మి.గ్రా. నీటితో కడిగిన గొట్టంలో పది చుక్కలు, అంటే అర మి.లీ. మిగిలిపోయిందనుకోండి. అందులో క్లోరైడ్ అర మి.గ్రా. పాలలోని 1 మి.గ్రా.కు ఇది కలిస్తే 1.5 అయింది, గీత దాటింది. ఏ పాపం ఎరుగని సభ్యుని పాలు పసుపు రంగు చూపిస్తాయి.

పసుపు వచ్చినప్పుడు ఏమి చేయాలి?

1. వెంటనే ఎవరినీ నిందించరాదు. అదే పాలను డిస్టిల్డ్ వాటర్‌తో తొలిపి ఆరబెట్టిన మరొక గొట్టంలో మళ్లీ పరీక్షించాలి.
2. పక్కన రెండు గొట్టాలు పెట్టాలి. ఒకదానిలో పాలకు బదులు డిస్టిల్డ్ వాటర్, మరొకదానిలో మంచివని తెలిసిన పాలు. డిస్టిల్డ్ వాటర్ గొట్టం కూడా పసుపు చూపితే దోషం మందులోనో, గొట్టంలోనో ఉంది.
3. రెండవసారీ పసుపే వస్తే ఆ సభ్యుని ఇంటికి వెళ్లి, ఎదుట పితికించిన పాలను నాలుగు చన్నులకు నాలుగు గొట్టాలుగా పరీక్షించాలి. ఒకటి రెండు చన్నుల పాలు మాత్రమే పసుపు చూపితే పొదుగువాపు అనుమానించి పశువైద్యునికి చూపించాలి. ఆ పాలు మిగిలిన పాలలో కలపరాదు.
4. నాలుగు చన్నులూ పసుపే చూపితే పశువు ఈని ఎన్నాళ్లయిందో, వట్టిపోయే దశకు వచ్చిందేమో విచారించాలి.
5. ఎదుట పితికిన పాలు ఎర్రగా నిలిచి, క్యాను పాలు మాత్రమే పసుపు చూపితే కల్తీ అనుమానం బలపడుతుంది. అప్పుడు నమూనాను సీలు వేసి డెయిరీ ప్రయోగశాలకు పంపాలి. నిర్ణయం పాలకవర్గం ముందు జరగాలి.

పరీక్ష చేసిన పాలు తిరిగి క్యానులో పోయరాదు, దూడలకు తాపరాదు. క్రోమేట్ విషం. సిల్వర్ నైట్రేట్ చేతికి అంటితే నల్లని మచ్చ పడుతుంది. వెలుతురు తగిలితే చెడిపోతుంది గనుక గోధుమ రంగు సీసాలోనే ఉంచాలి. మందులను నోటితో పీల్చి కొలవరాదు.

అభ్యాసం

సంఘం గదిలో పేర్లు చెరిగిపోయిన మూడు పొట్లాలు ఉన్నాయి. ఒకటి ఉప్పు, ఒకటి పటిక, ఒకటి బట్టల సోడా. మూడూ తెల్లనివే. రుచి చూడకుండా ఏది ఏదో ఎలా తేల్చాలి? సమాధానం చదివే ముందు ఆలోచించండి.

సమాధానం: మూడింటినీ వేరువేరు గ్లాసులలో మంచి నీటిలో కరిగించి, రెండేసి చొప్పున కొంచెం కొంచెం కలిపి చూడాలి. మూడు జతలలో ఒక్క జతలోనే బుడగలు, తెల్లని జిగురు పదార్థం వస్తాయి. అవి పటిక, సోడా. ఆ జతలో లేనిది ఉప్పు. మిగిలిన రెండింటిలో చింతపండు పులుసు వేస్తే పొంగేది సోడా, పొంగనిది పటిక. పొట్లాలమీద వెంటనే పేర్లు రాసి, మందుల సీసాలకు దూరంగా భద్రపరచండి.

ఈ అభ్యాసాన్ని నెలవారీ సమావేశంలో సభ్యులందరి ఎదుట చేసి చూపించవలసిందిగా కార్యదర్శులను కోరుతున్నాము. పరీక్ష ఎలా జరుగుతుందో తెలిసిన సభ్యుడు టెస్టరు మాటను గౌరవిస్తాడు. అవసరమైనప్పుడు "మరొక గొట్టంలో మళ్లీ చూడండి" అని అడగగలుగుతాడు. ఆ అడిగే హక్కు ప్రతి సభ్యునికీ ఉండాలి.